చిన్న పిచ్ షిఫ్టర్ పెడల్ ఎంచుకోవడం ఎలా: ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మీరు వాయించిన నోటును పైకో కిందికో జరిపి వినిపించేది పిచ్ షిఫ్టర్. ఈవెంటైడ్ కంపెనీ 1975లో హెచ్910 హార్మొనైజర్ తెచ్చినప్పుడు అది స్టూడియో ర్యాక్‌లో బిగించుకునే పెట్టె. 1980ల చివరికి బాస్ కంపెనీ పీఎస్-2తో అదే పని అరచేతిలో పట్టే పెడల్‌లోకి వచ్చింది. డిజిటెక్ వామీ దాన్ని కాలితో తొక్కుతూ పిచ్‌ను సాగదీసే వాద్యంగా మార్చింది. రేజ్ అగైనెస్ట్ ద మెషీన్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ మొరెల్లో లాంటి వాళ్ల చేతిలో (కాలి కింద అనాలేమో) ఆ శబ్దం ఎంత దూరం వెళ్లిందో రాక్ వినేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు చిన్న పెడళ్లలోనే బోలెడు రకాలున్నాయి. కొనేవాళ్లు సాధారణంగా ముందు చూసేది ఎన్ని మోడ్‌లు ఉన్నాయి, ఎన్ని ఆక్టేవ్‌లు (ఒక ఆక్టేవ్ అంటే పన్నెండు ఫ్రెట్ల దూరం) వెళ్తుంది అన్నది. ఆ లెక్కతో ఎంచుకోవద్దని నా గట్టి సలహా. పిచ్ షిఫ్టర్‌తో మీకు పడే పని సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క పనిని, మీ గిటార్ లావు స్ట్రింగ్ మీద, మీ చేతి వేగంతో ఎంత బాగా చేస్తుందో చూసి తీసుకోండి. మిగతా మోడ్‌లు ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం డబ్బు మాత్రం పెట్టకండి.

మొదటి అడుగు: మీ పని ఏమిటో తేల్చుకోండి

పిచ్ షిఫ్టర్ అన్న ఒక్క పేరు కింద అయిదు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది ట్యూనింగ్ దించడం. గిటార్ స్టాండర్డ్ ట్యూనింగ్‌లోనే ఉంటుంది, పెడల్ మొత్తం శబ్దాన్ని ఒకటో రెండో సెమీటోన్లు (సెమీటోన్ అంటే ఒక ఫ్రెట్ దూరం) కిందికి దింపుతుంది. గాయకుడి గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చాల్సిన బ్యాండ్లకూ, బరువైన రిఫ్‌లు వాయించేవాళ్లకూ ఇది వరం. డిజిటెక్ డ్రాప్ ఈ ఒక్క పని కోసమే పుట్టింది. అందులో ఒకటి నుంచి ఏడు సెమీటోన్ల దాకా దించొచ్చు, ఆక్టేవ్ కూడా ఉంటుంది. పైకి జరిపే వీలున్న పెడల్ అయితే కాపో (ఫ్రెట్ మీద బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టిన పని కూడా చేస్తుంది.

రెండోది ఆక్టేవ్. మీ నోటుకు కింది స్థాయి నోటో పై స్థాయి నోటో తోడు చేర్చడం. ఎలెక్ట్రో-హార్మొనిక్స్ నానో పాగ్, బాస్ ఓసీ-5 ఈ కోవలోవి. బేస్ ప్లేయర్ లేని ఇద్దరు ముగ్గురి బ్యాండ్‌కు ఇది చాలా ఉపయోగం. ఆర్గాన్ లాంటి శబ్దం కావాలన్నా ఇదే.

మూడోది హార్మనీ, అంటే రెండో గిటార్ పక్కన వాయిస్తున్నట్టు మూడో నోటో అయిదో నోటో జోడించడం. నాలుగోది వామీ తరహా సాగతీత. అయిదోది డీట్యూన్: సెమీటోన్‌లో కొన్ని వందో వంతులు మాత్రమే జరిపి అసలు శబ్దంతో కలిపితే కోరస్‌కు దగ్గరైన వెడల్పు వస్తుంది, కోరస్‌లో ఉండే ఊగు మాత్రం ఉండదు. ఇది చాలా పెడళ్లలో అదనంగా దొరుకుతుంది కాబట్టి దీనికోసమే ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

మీ పాటల జాబితా ముందు పెట్టుకుని, ఏ పాటలో ఏ చోట ఈ పెడల్ నొక్కుతారో రాయండి. చోట్లు తేలకపోతే కొనడం వాయిదా వేయండి. మీ దగ్గర మల్టీ ఎఫెక్ట్స్ ఏదైనా ఉంటే అందులో పిచ్ ఎఫెక్ట్ ఉందేమో చూసి ముందు దానితో సాధన చేయండి. అలాగే, మీ బ్యాండ్ ఎప్పుడూ ఒక టోన్ కిందనే వాయిస్తుంటే పెడల్ కన్నా కాస్త లావు స్ట్రింగులు వేసి గిటార్‌ను నిజంగానే దించి ట్యూన్ చేసుకోవడం మేలు. ఏ పెడల్ శబ్దమూ దానికి సాటి రాదు. ట్యూనింగ్ దించే పెడల్ విలువ పాటకూ పాటకూ మధ్య మారాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది.

రెండో అడుగు: లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోండి

ఇది తెలిస్తే పెడల్ ఎక్కడ తడబడుతుందో ముందే ఊహించొచ్చు.

డిజిటల్ పిచ్ షిఫ్టర్ మీ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేస్తూ, ఆ ముక్కలను వేరే వేగంతో తిరిగి చదువుతుంది. వేగంగా చదివితే పిచ్ పెరుగుతుంది, కానీ ముక్క తొందరగా అయిపోతుంది కాబట్టి కొంత భాగాన్ని మళ్లీ వాడుకోవాలి. నెమ్మదిగా చదివితే పిచ్ తగ్గుతుంది, కొంత మిగిలిపోతుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. రెండు సందర్భాల్లోనూ ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు పడుతుంది. పూల డిజైను గుడ్డను అతికేటప్పుడు పువ్వు మీదికి పువ్వు వచ్చేలా కలిపితే అతుకు కనబడదు కదా, ఇక్కడా అంతే. తరంగం ఒక చుట్టు పూర్తయిన చోట అతికితే చెవికి తెలియదు.

ఒక్క నోటు వాయిస్తే ఆ చుట్టు ఎక్కడ పూర్తవుతుందో పెడల్ తేలిగ్గా పట్టుకుంటుంది. కార్డ్ వాయిస్తే చిక్కు. ఒక్కో స్ట్రింగ్‌ది ఒక్కో చుట్టు, అన్నిటికీ కుదిరే అతుకు దొరకదు. అప్పుడే ఆ నీళ్లలో మునిగినట్టుండే వణుకు వినబడుతుంది. పాలీఫోనిక్ అని రాసి ఉన్న పెడళ్లు శబ్దాన్ని అనేక ఫ్రీక్వెన్సీ పట్టీలుగా విడదీసి, దేనికది జరిపి, మళ్లీ కలుపుతాయి. అందుకే కార్డులు వాటిలో నిలబడతాయి.

అనలాగ్ ఆక్టేవ్ పెడళ్ల దారి వేరు. వాటిలో కింది ఆక్టేవ్ కోసం తరంగాల సంఖ్యను సగం చేసే సర్క్యూట్ ఉంటుంది. అది ఒక్క నోటుకే పని చేస్తుంది, రెండు నోట్లు పడితే గిలగిల కొట్టుకుంటుంది. కానీ ఆ ఒక్క నోటుకు వచ్చే గరగరలాడే సింథ్ లాంటి రుచి డిజిటల్‌లో అంత సులువుగా రాదు. బాస్ ఓసీ-5లో పాత తరహా మోడ్, పాలీ మోడ్ రెండూ పెట్టింది ఇందుకే. కాబట్టి మోనో (ఒకసారికి ఒక్క నోటునే పట్టేది) అంటే తక్కువరకం అనుకోకండి. సోలోలూ ఒంటి నోటు రిఫ్‌లూ మీ పనైతే మోనో చాలు. ట్యూనింగ్ దించడం మీ పనైతే పాలీఫోనిక్ తప్పనిసరి, అందులో బేరం లేదు.

మూడో అడుగు: ఆలస్యాన్ని చెవితో, చేతితో కొలవండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ప్రకటనల్లో దీని ఊసు పెద్దగా ఉండదు కూడా.

గిటార్ ఆరో స్ట్రింగ్ ఓపెన్‌గా సుమారు 82 హెర్ట్జ్ పలుకుతుంది. అంటే దాని తరంగం ఒక చుట్టు తిరగడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ నోటు ఏమిటో పెడల్ తెలుసుకోవాలంటే కనీసం ఒక చుట్టు దాకా వినాలి. అందుకే సన్న స్ట్రింగుల మీద హాయిగా పలికే పెడల్ లావు స్ట్రింగ్ మీద వెనకబడినట్టు అనిపిస్తుంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆంప్‌కు మూడు మీటర్ల పైచిలుకు దూరంలో నిలబడి వాయించినట్టు లెక్క, ఎందుకంటే శబ్దం గాలిలో మీటరు దూరం వెళ్లడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చాలామంది దాన్ని తట్టుకుంటారు. 20 దాటితే మాత్రం పిక్ తగిలిన క్షణానికీ శబ్దం వచ్చిన క్షణానికీ మధ్య ఖాళీ వేళ్లకు తెలుస్తుంది, తెలియకుండానే ముందుకు తోసుకుంటూ వాయించడం మొదలుపెడతారు.

పరీక్ష ఇలా చేయండి. ఆంప్ క్లీన్‌గా పెట్టి, పెడల్‌లో డ్రై శబ్దాన్ని, అంటే ఎఫెక్ట్ కలవని అసలు గిటార్ శబ్దాన్ని, పూర్తిగా తీసేయండి. రెండు సెమీటోన్లు కిందికి పెట్టండి. ఆరో స్ట్రింగ్ మీద పామ్ మ్యూట్ పట్టి (అరచేతి అంచును స్ట్రింగ్ మీద ఆనించి), నిమిషానికి 120 మెట్రోనోమ్‌కు బీట్‌కు నాలుగు చొప్పున కొట్టండి. ఒక్కో దెబ్బకు దెబ్బకు మధ్య 125 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బ మొదలూ గట్టిగా తగులుతోందా, మెత్తబడి ముద్దలా వస్తోందా? తర్వాత అయిదో ఫ్రెట్ దగ్గర పవర్ కార్డ్ (మూల నోటు, దాని అయిదో నోటు మాత్రమే ఉండే కార్డ్), ఆపైన ఓపెన్ ఇ మైనర్ కార్డ్ కొట్టి చివరిదాకా మోగనివ్వండి. నోటు తోక సన్నబడేటప్పుడు వణుకు మొదలవుతుందేమో గమనించండి. పెడళ్ల బలహీనత తోకలోనే బయటపడుతుంది. అసలు స్ట్రింగ్ శబ్దం చెవిన పడితే తీర్పు తప్పుతుంది కాబట్టి హెడ్‌ఫోన్స్‌తోనో, ఆంప్ కాస్త పెద్దగా పెట్టో వినండి.

ఎంత దూరం జరుపుతున్నారన్నది కూడా ముఖ్యం. ఒకటి, రెండు, మూడు సెమీటోన్ల దాకా మంచి పెడళ్లు సహజంగానే వినిపిస్తాయి. అయిదు దాటితే పిక్ శబ్దమూ స్ట్రింగ్ గీరూ కూడా నోటుతో పాటే కిందికి దిగి, దుప్పటి కప్పినట్టవుతుంది. పూర్తి ఆక్టేవ్ దించితే ఆరో స్ట్రింగ్ 41 హెర్ట్జ్‌కు చేరుతుంది, అది బేస్ గిటార్ లావు స్ట్రింగ్ పలికే చోటు. మామూలు గిటార్ ఆంప్ స్పీకర్ అంత లోతు శబ్దాన్ని సరిగా ఇవ్వలేదు. పెడల్ బాగోలేదని తిట్టుకునే ముందు బేస్ ఆంప్‌లోనో పీఏలోనో ఒకసారి విని చూడండి.

నాలుగో అడుగు: హార్మనీ కావాలంటే కీ సంగతి చూడండి

స్థిరంగా నాలుగు సెమీటోన్లు పైకి జరిపే పెడల్‌ను సి మేజర్‌లో వాడారనుకోండి. సి వాయిస్తే ఇ తోడవుతుంది, తియ్యగా ఉంటుంది. పక్కనున్న డి వాయించగానే ఎఫ్ షార్ప్ పలుకుతుంది, స్కేల్‌లో లేని నోటు. అక్కడ కావాల్సింది మూడు సెమీటోన్ల దూరంలో ఉన్న ఎఫ్. సి, ఎఫ్, జి దగ్గర నాలుగు, మిగతా నాలుగు నోట్ల దగ్గర మూడు, ఇలా నోటును బట్టి దూరం మారాలి. దీన్ని తనంతట తానే చూసుకునే పెడల్‌కు మీరు పాట కీ చెప్పాలి. 2010లో వచ్చిన బాస్ పీఎస్-6 హార్మోనిస్ట్ మీద కీ నాబ్ ఉండేది అందుకే. పాట మధ్యలో కీ మారితే వంగి నాబ్ తిప్పాలి, దానికి సిద్ధపడండి.

ఆ తలనొప్పి వద్దనుకుంటే ఒక దారి ఉంది. థర్డ్ (మూడో నోటు) బదులు ఫిఫ్త్ (అయిదో నోటు) పెట్టుకోండి. స్థిరంగా ఏడు సెమీటోన్లు పైకి జరిపితే సి మేజర్‌లో తప్పేది బి నోటు ఒక్కటే. ఫోర్త్ పెడితే, అంటే అయిదు సెమీటోన్లు, తప్పేది ఎఫ్ ఒక్కటే. సోలోలో ఆ ఒక్క నోటును తప్పించుకుని వాయించడం పెద్ద పని కాదు.

అయిదో అడుగు: కాలికి ఏమేం అందుతాయో చూడండి

పెద్ద వామీలో తొక్కే పలక ఉంటుంది, చిన్న పెడల్‌లో ఉండదు. ఆ లోటును తీర్చేది ఫుట్‌స్విచ్ పని చేసే తీరు. కాలు నొక్కి ఉంచినంతసేపే ఎఫెక్ట్ ఉండి, తీయగానే పోయే పద్ధతిని మొమెంటరీ అంటారు. ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యేది లాచింగ్. ట్యూనింగ్ దించడానికి లాచింగ్ చాలు. సోలో చివరి నోటును ఆక్టేవ్ పైకి ఎగరేసి వెనక్కి దించాలంటే మొమెంటరీ ఉండి తీరాలి.

అందులో కూడా నోటు ఎంత వేగంగా ఎక్కాలో, ఎంత వేగంగా దిగాలో విడివిడిగా పెట్టుకునే నాబ్‌లు ఉంటే ఆ పెడల్ వాద్యమవుతుంది. డిజిటెక్ రికోషెలో షిఫ్ట్, రిటర్న్ అనే రెండు నాబ్‌లు ఈ పనికే ఉన్నాయి. ఎక్కడం నెమ్మదిగా, దిగడం టక్కున పెట్టి ఒక నోటు పట్టి చూడండి. తర్వాత తిరగేసి పెట్టండి. ఒకే నోటు రెండు వేర్వేరు భావాలు పలుకుతుంది. వేగాన్ని పాట టెంపోకు సరిపెట్టుకోవడానికి కొంత సాధన కావాలి. నోటు సరిగ్గా తర్వాతి బీట్ మీద చేరేలా నాబ్ కుదిరినప్పుడు వచ్చే ఆనందం మాటల్లో చెప్పలేనిది.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టుకునే జాక్ ఉందో లేదో కూడా చూడండి. ఎలెక్ట్రో-హార్మొనిక్స్ పిచ్ ఫోర్క్‌కు ఉంది. ఇవాళ చిన్న పెడల్‌గా వాడుకుని, రేపు ఎక్స్‌ప్రెషన్ పెడల్ జోడించి తొక్కుతూ సాగదీయొచ్చు. ఇలాంటి వెసులుబాటుకు మాత్రం కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు.

డ్రై, ఎఫెక్ట్ పాళ్లు కలిపే నాబ్ ఆక్టేవ్‌కూ హార్మనీకీ కావాలి. ట్యూనింగ్ దించేవాళ్లకు అక్కర్లేదు.

ఆరో అడుగు: పవర్, సైజు

డిజిటల్ పిచ్ పెడళ్లు కరెంటు బాగా లాగుతాయి. మామూలు ఓవర్‌డ్రైవ్ కొద్ది మిల్లీఆంపులతో సరిపెట్టుకుంటే, ఇవి 100 దాటడం మామూలే. మీ పవర్ సప్లైలో ఒక్కో అవుట్‌పుట్ ఎంత ఇస్తుందో, పెడల్ మీద ఎంత రాసి ఉందో పోల్చి చూడండి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో అన్ని పెడళ్లకూ ఇస్తే సన్నగా ఈల లాంటి శబ్దం కలవొచ్చు, ఐసొలేటెడ్ అవుట్‌పుట్ (మిగతావాటితో కలవకుండా విడిగా ఉండేది) ఇస్తే పోతుంది. చాలా చిన్న పెడళ్లలో బ్యాటరీకి చోటే ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో పాత వామీల జోలికి వెళ్తే జాగ్రత్త, వాటిలో కొన్నిటికి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి. మామూలు పెడళ్ల డీసీ సప్లై వాటికి పనికిరాదు, వాటి అడాప్టర్‌ను వేరే పెడల్‌కు పెడితే అది పాడయ్యే ప్రమాదముంది.

సైజు విషయంలో పెడల్ కొలతలు చూసి ఊరుకోకండి. జాక్‌లు పక్కలకున్నాయా, పైభాగాన ఉన్నాయా అన్నదాన్ని బట్టి బోర్డు మీద పట్టే చోటు మారిపోతుంది. మరీ చిన్న పెడళ్లలో నాబ్‌లు వేలి గోరంత ఉంటాయి. పాటకూ పాటకూ మధ్య సెట్టింగ్ మార్చాల్సినవాళ్లు చీకటి స్టేజీ మీద వాటితో అవస్థ పడతారు.

ఏడో అడుగు: వరసలో ఎక్కడ పెట్టాలి

పిచ్ షిఫ్టర్‌కు శుభ్రమైన శబ్దం అందితేనే బాగా పట్టుకుంటుంది. కాబట్టి ట్యూనర్, కంప్రెసర్, తర్వాత పిచ్ షిఫ్టర్, ఆపైన డిస్టార్షన్, మాడ్యులేషన్, డిలే, రివర్బ్. ట్యూనర్ ముందే ఉండాలి, లేకపోతే అది జరిగిన పిచ్‌ను చూపించి తికమక పెడుతుంది. కంప్రెసర్ నోటు తోకను నిలబెట్టి ట్రాకింగ్‌కు, అంటే పెడల్ నోటును పట్టుకోవడానికి, సాయపడుతుంది. జర్మేనియం ఫజ్ (జర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన ఒక రకం డిస్టార్షన్ పెడల్) వాడేవాళ్లు ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి: అలాంటి ఫజ్‌లు గిటార్ పికప్ నేరుగా తగిలితేనే హాయిగా పలుకుతాయి, ముందు డిజిటల్ పెడల్ ఉంటే గొంతు కరకుగా మారుతుంది.

హార్మనీ దగ్గర ఈ వరస మారొచ్చు. డిస్టార్షన్‌లోకి రెండు నోట్లు కలిసి వెళ్తే వాటి తేడా ఫ్రీక్వెన్సీ మూడో నోటులా పుడుతుంది. 440 హెర్ట్జ్ ఎ, దాని ఫిఫ్త్ అయిన 659 హెర్ట్జ్ ఇ కలిస్తే పుట్టేది 219, దాదాపుగా కింది ఆక్టేవ్ ఎ. అందుకే పవర్ కార్డులు డిస్టార్షన్‌లో అంత నిండుగా ఉంటాయి. అదే మేజర్ థర్డ్ అయితే 554 లోంచి 440 తీసేయగా 114 వస్తుంది. అది కచ్చితమైన ఎ కాదు, రెండు ఆక్టేవ్‌ల కిందున్న 110 హెర్ట్జ్ ఎ పక్కన కొంచెం పైకి జారిన నోటు. చెవికి బురదలా తోచేది అదే. థర్డ్ హార్మనీ శుభ్రంగా, రెండు గిటార్లు విడివిడిగా వాయించినట్టు కావాలంటే పిచ్ షిఫ్టర్‌ను డిస్టార్షన్ తర్వాత పెట్టి చూడండి. ట్రాకింగ్ కాస్త తగ్గినా ఒక్క నోటు సోలోలకు ఇబ్బంది ఉండదు.

ఎనిమిదో అడుగు: చేతికి తీసుకునే ముందు

వీలైతే మీ గిటార్‌తోనే పరీక్షించండి. పికప్ అవుట్‌పుట్‌ను బట్టి ట్రాకింగ్ మారుతుంది. గిటార్ ఇంటొనేషన్ (మెడ పొడవునా ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి నిలవడం) సరిగా ఉందో చూసుకోండి. కార్డులో అప్పటికే ఉన్న అపశ్రుతిని పెడల్ సరిచేయదు, హార్మనీ జోడిస్తే ఇంకా ఎత్తి చూపుతుంది. వాడిన పెడల్ అయితే ఫుట్‌స్విచ్‌ను పలుమార్లు నొక్కి, ప్రతి నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఎక్కడైనా గీరు శబ్దం వస్తుందేమో, ఇంటర్వల్ దానంతట అదే దూకుతోందేమో వినండి. అసలు అడాప్టర్ ఇస్తున్నారో లేదో అడగండి.

బ్యాండ్‌తో వాయించే ముందు చేయాల్సింది మరొకటుంది. ఎఫెక్ట్ ఆన్‌లో, ఆఫ్‌లో వాల్యూమ్ ఒకేలా ఉందేమో డ్రమ్స్ మోగుతుండగా పోల్చి చూడండి. పిచ్ దించినప్పుడు పై ఫ్రీక్వెన్సీలు తగ్గి, ఒంటరిగా వింటే సరిపోయిన శబ్దం డ్రమ్స్ మధ్య మునిగిపోతుంది. ఆంప్‌లో ట్రెబుల్ పెంచితే పెడల్ ఆఫ్ చేసినప్పుడు గీ పెడుతుంది కాబట్టి, పిచ్ షిఫ్టర్‌తో పాటే ఆన్ చేసుకునేలా దాని వెనక ఒక ఈక్యూ పెడల్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీని విడిగా పెంచే, తగ్గించే పెడల్) పెట్టి 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా లేపండి.